కామిక్స్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ఎడిషన్ కొనాలి, ఎలా దాచుకోవాలి

కథలడబ్బా:
మీకు ఇష్టమైన సిరీస్‌లన్నీ ఒకచోట పోగేద్దాం. పేరు ఒక్కటే రాసి వెళ్ళిపోకండి. మొదటిసారి చదివేవాళ్ళు ఏ పుస్తకం పట్టుకోవాలి, కొనేటప్పుడు ఏ ఎడిషన్ చూసుకోవాలి, బొమ్మలో దేనిమీద కన్ను నిలపాలి, ఇవి కూడా చెప్తేనే ఉపయోగం. పాత సంచికలు దాచే పద్ధతులు తెలిసినవాళ్ళు అవీ రాయండి. మన కోస్తా ఉక్కకి న్యూస్‌ప్రింట్, అంటే దినపత్రికల కాగితం, ఎక్కువకాలం ఆగదు. సూపర్‌హీరోల గురించి వేరే చర్చ నడుస్తోంది కాబట్టి ఇక్కడ మిగతావే.

మార్లిన్‌స్పైక్:
నా ఓటు టిన్‌టిన్‌కి, కుర్ర విలేకరి సాహసాలు. పూర్తయిన ఆల్బమ్‌లు 23. రాసి గీసిన ఎర్జే 1983లో పోయేనాటికి 24వది చిత్తు గీతల్లోనే ఉంది.

వచ్చిన వరుసలోనే చదవాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మొదటి కథ సోవియట్ దేశంలోది, నలుపు-తెలుపులో ఉంటుంది. ఈ వారం గీసేవాడికి వచ్చే వారం ఏం జరుగుతుందో తెలియనట్టే నడుస్తుంది. రెండోది కాంగో. అక్కడి మనుషుల్ని చూపించిన తీరులో వలసపాలన నాటి చిన్నచూపు నిండా ఉంది. ఆ రెండింటినీ చివరికి ఉంచుకోండి.

మొదలు 'ది క్రాబ్ విత్ ద గోల్డెన్ క్లాస్'. 1941 నాటి ఆల్బమ్, కెప్టెన్ హాడాక్ అడుగుపెట్టేది ఇందులోనే. ఆ వెంటనే జంట కథ: 'ది సీక్రెట్ ఆఫ్ ద యూనికార్న్', 'రెడ్ రాకమ్స్ ట్రెజర్'. ప్రొఫెసర్ కాల్‌క్యులస్ రెండోదాంట్లో వస్తాడు. ఈ మూడూ అయ్యేసరికి ఇంటిమనుషులంతా పరిచయమైపోతారు, తర్వాత ఏది పట్టుకున్నా సాగుతుంది. ఒక్క నియమం మాత్రం తప్పకండి: 'టిన్‌టిన్ ఇన్ టిబెట్' కంటే ముందు 'ది బ్లూ లోటస్' చదవాలి. అందులో టిన్‌టిన్‌కి స్నేహితుడైన చాంగ్ ఎవరో తెలియకుండా టిబెట్ కథ చదివితే టిన్‌టిన్ ఆ మంచులోకి ఎందుకు పోతున్నాడో బుర్రకి అందుతుంది గానీ మనసుకి పట్టదు. 'బ్లూ లోటస్'కి ముందు భాగం 'సిగార్స్ ఆఫ్ ద ఫారో'. దాని చివరి భాగం గైపజామా అనే ఊహా సంస్థానంలో, మన దేశంలోనే జరుగుతుంది. టిబెట్ కథలో ఢిల్లీ కూడా ఉంది, కుతుబ్ మీనార్‌తో సహా.

ఎడిషన్ సంగతి. మూడు కథలు కలిపి గట్టి అట్టతో వచ్చే చిన్న సైజు సంపుటాలు చవకగా కనిపిస్తాయి. రెండు చిక్కులున్నాయి. బొమ్మ కుదించుకుపోయి మాటల బుడగల్లో అక్షరం చీమతలంత అవుతుంది. పైగా యూనికార్న్ మూడో సంపుటంలో చివర, రెడ్ రాకమ్ నాలుగో దాంట్లో మొదట పడతాయి. మూడోది ఒక్కటే కొన్నవాళ్ళకి కథ నడుమలో తెగుతుంది. పెద్ద సైజు విడి ఆల్బమ్‌లే కొనండి, నెలకొకటైనా సరే.

గాలిగ్రామం:
మార్లిన్‌స్పైక్ గారూ, చదివే పద్ధతి గురించి కూడా రాయాల్సింది. ఎర్జే గీతలో మందం మారదు, నీడల కోసం అడ్డగీతలు ఉండవు, రంగు చదునుగా పరిచి ఉంటుంది. దూరంగా ఉన్న కుర్చీ కూడా ముఖమంత స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే కన్ను తొందరపడి మాటల మీదికి జారిపోతుంది. ఒక్కో పేజీని ముందు మాటలు చదవకుండా చూసి, తర్వాత చదవండి. 'ది కాస్టాఫియోర్ ఎమరాల్డ్'లో విరిగిన మెట్టు ఒకటుంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా వెంబడించండి, ఎవరెవరు ఎప్పుడు జారతారో చూడండి. ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళని కథని 62 పేజీలు అలా నిలబెట్టడం మామూలు పని కాదు.

నా సిరీస్ మాత్రం ఆస్టెరిక్స్, రోమన్లని ఎదిరించే గాల్ వీరుడి కథలు. 1959 అక్టోబర్ 29న 'పిలోట్' పత్రిక మొదటి సంచికలోనే మొదలైంది. రచన గోసిన్నీ, బొమ్మ ఉదెర్జో. గోసిన్నీ 1977లో పోయారు. ఆయన రాసినవి 24 ఆల్బమ్‌లు, 'ఆస్టెరిక్స్ ఇన్ బెల్జియం' ఆఖరిది. ముందు ఈ 24 చదవండి, తర్వాతవాటి సంగతి తర్వాత. ఇక్కడ వరుస అక్కర్లేదు, ప్రతి కథా విడిగా నిలుస్తుంది. 'ఆస్టెరిక్స్ అండ్ క్లియోపాత్ర', 'ఆస్టెరిక్స్ ద లీజనరీ', 'ఆస్టెరిక్స్ ఇన్ బ్రిటన్', ఈ మూడింట్లో ఏదైనా సరే. అసలు మొదటి ఆల్బమ్‌తో మొదలుపెడితే అతని నేస్తం ఒబెలిక్స్ పాత్ర అంత ఉండదు, కుక్కపిల్ల డాగ్‌మాటిక్స్ అసలే లేడు.

అనువాదం మాత్రం ఆంథియా బెల్, డెరెక్ హాక్రిడ్జ్ కలిసి చేసిందే కొనండి. పేర్లలోని చమత్కారాన్ని వాళ్ళు మక్కికి మక్కి దించలేదు, ఇంగ్లీషులో కొత్తగా కట్టారు. ఫ్రెంచిలో పనోరామిక్స్ అయిన మందుల పూజారి వాళ్ళ చేతిలో గెటాఫిక్స్ అయ్యాడు. అమెరికాలో 2020 నుంచి వస్తున్న ఎడిషన్ అనువాదం వేరు. ఆన్‌లైన్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, అనువాదకుల పేర్లు చూసి తీసుకోండి. పేర్లని పైకి చదవండి, అప్పుడే పేలతాయి.

బొమ్మలకొలువు:
ఇంగ్లీషు అంతగా రాని ఎనిమిదేళ్ళ పిల్లలకి తెలుగులో ఏమిద్దామండీ? అమర చిత్ర కథ తెలుగులో దొరుకుతోంది గానీ, పిల్లలు బొమ్మలు చూసి మాటలు వదిలేస్తున్నారని చాలామంది అంటున్నారు.

ఒత్తుకిందఒత్తు:
బొమ్మలకొలువు గారూ, అందులో పిల్లల తప్పు లేదు. బుడగ ఇంగ్లీషు కోసం కొలిచి గీసింది, అసలు చిక్కు అక్కడే.

ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలు. పంక్తి కిందికి ఏదీ దిగదు కాబట్టి పంక్తుల్ని దగ్గరదగ్గరగా పేర్చొచ్చు. అక్షరం ఎత్తుకి 1.15 రెట్లు దూరం ఉన్నా చాలు. తెలుగులో పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'స్త్రీ', 'రాష్ట్రం' రాసి చూడండి. ఒకటిన్నర రెట్ల దూరం లేకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. అంటే ఇంగ్లీషు ఐదు పంక్తులు పట్టే బుడగలో తెలుగు నాలుగే పడుతుంది. ఐదూ పట్టించాలని అక్షరం సైజు తగ్గిస్తారు, పిల్లల కన్ను అక్కడే ఆగిపోతుంది.

రెండోది మాట పొడవు. బుడగ నడుము వెడల్పు, పైనా కిందా ఇరుకు. 'అడుగుతున్నావేమిటి' లాంటి మాట పై పంక్తిలో పట్టదు, విరవాలి. విరిచేటప్పుడు సంయుక్తాక్షరం మధ్యలో తెగితే చదవడం అసాధ్యం. 'చక్రవర్తి'ని 'చక్ర' దగ్గర ఆపొచ్చు గానీ 'చక్' దగ్గర ఆపకూడదు. మంచి అనువాదకులు అసలు అంతదాకా రానివ్వరు, 'ఏమైంది?' అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. బుడగలో గ్రాంథికం రాస్తే భాష బరువే కాదు, చోటు కూడా ఎక్కువ తింటుంది.

కొనేముందు ఒక పరీక్ష. మధ్య పేజీ తెరిచి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని అన్నిటికంటే పెద్ద బుడగ చదవండి. ఒత్తులు విడివిడిగా కనిపిస్తే తీసుకోండి. 'తెనాలి రామన్', 'కృష్ణదేవరాయ' లాంటి 32 పేజీల విడి సంచికలతో మొదలుపెట్టండి, పెద్ద సంపుటాలు పిల్లల ఒళ్ళో నిలవవు. మొదటిసారి పెద్దవాళ్ళు పైకి చదవాలి. మాట్లాడేవాళ్ళ గడి మీద వేలు పెడుతూ పోతే రెండోసారి పిల్లలే చదువుకుంటారు.

తాళపత్రం:
అమర చిత్ర కథ పెద్దవాళ్ళు కూడా చదవాల్సింది, బొమ్మ కోసం. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టినప్పటి నుంచి వచ్చిన చిత్రకారులందరినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. అది తప్పు. రామ్ వాయీర్కర్ గీసిన 'కృష్ణ', యూసుఫ్ లీన్ గీసిన 'మీరాబాయి' పక్కపక్కన పెట్టండి. ఒకటి చకచకా కదులుతుంది. రెండోది రాజస్థానీ సూక్ష్మచిత్రాల పద్ధతిలో ఉంటుంది, గడి అంచులు కూడా ఆ చిత్రాల చట్రాల్లాగే. మహాభారతం 42 సంచికలుగా వచ్చింది, ఎక్కువ భాగం దిలీప్ కదమ్ గీశారు. ఇప్పుడది మూడు పెద్ద సంపుటాల్లో దొరుకుతుంది. దాన్ని మాత్రం వరుసగా చదవాలి, రోజుకి రెండు సంచికలకి మించకుండా.

పాతవి వెతికేవాళ్ళు సంఖ్యలతో జాగ్రత్త. భారతీయ కథల సంఖ్యలు 11తో మొదలవుతాయి, 'కృష్ణ'ది ఆ సంఖ్యే. తర్వాతి ముద్రణల్లో అదే కథకి 500 పైన కొత్త సంఖ్య ఇచ్చారు. సంఖ్య ఒక్కటే చూసి 'మా దగ్గర లేదు' అనుకుంటే ఒకే కథ రెండుసార్లు కొన్నట్టవుతుంది.

పుర్రెఉంగరం:
ఇంద్రజాల్ కామిక్స్ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదే! 1964 మార్చిలో మొదలై 1990 దాకా నడిచింది. మొదటి 32 సంచికలూ అడవిలోని ముసుగువీరుడు ఫాంటమ్‌వే, గారడీవాడు మాండ్రేక్ తర్వాత వచ్చాడు. ఆబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్ 1976 నుంచి. మూడూ ఒకే తీరుగా చదవకూడదు.

ఫాంటమ్ దినపత్రికల్లో రోజుకో వరుసగా 1936 ఫిబ్రవరి 17న మొదలైంది. రోజూ మూడు నాలుగు గడులు, మొదటి గడిలో నిన్నటి సంగతి, చివరి గడిలో రేపటికి ఊరింపు. వాటిని కత్తిరించి పుస్తకం పేజీకి పేర్చారు కాబట్టి ఇంద్రజాల్‌లో ప్రతి మూడు గడులకీ ఒకే విషయం మళ్ళీ వచ్చినట్టు అనిపిస్తుంది. అది రచనలో లోపం కాదు, పేర్పు వల్ల వచ్చింది. చోటు చాలక కొన్ని గడుల అంచులు కోసేశారు కూడా. సై బారీ గీసిన కథలతో మొదలుపెట్టండి, 1961 నుంచి ఆయన గీశారు. అడవి, గుహ, గుర్రం అన్నీ ఆయన చేతిలో నిండుగా ఉంటాయి.

పేర్ల తేడా కూడా తెలిసి ఉండాలి. అసలు స్ట్రిప్‌లో ఫాంటమ్ ఉండే దేశానికి 'బెంగాలి' అని ఉన్నచోట ఇంద్రజాల్‌లో 'డెంకాలి' అని మార్చారు. విదేశీ ప్రచురణలు కలిపి చదివేవాళ్ళు ఇవి రెండు వేర్వేరు దేశాలనుకుంటారు.

జాబితా రాసుకునేవాళ్ళకి ఇంకో మాట. 123, 124 సంఖ్యల సంచికలు అసలు రాలేదు. వాటి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 1980ల్లో వరుస సంఖ్య మాని సంపుటి, సంచిక అనే పద్ధతికి మారారు. కాబట్టి మీ జాబితాలో రెండు గళ్ళు పెట్టుకోండి.

కుడినుంచిఎడమ:
మాంగా, అంటే జపాన్ కామిక్స్, చదవాలనుకుని నాలుగు పేజీలకే వదిలేసేవాళ్ళ కోసం రాస్తున్నాను. కారణం ఎక్కువసార్లు కథ కాదు, చదివే దిశ.

పుస్తకాన్ని మనకి వెనక అనిపించే వైపు నుంచి తెరవాలి. రెండు పేజీల్లో ముందు కుడి పేజీ. అందులో పైన కుడి మూల గడి, దాని ఎడమ పక్కది, తర్వాత కింది వరుస. ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పేది గడి లోపల. బుడగలు కూడా కుడి నుంచి ఎడమకే. ఒక గడిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే కుడివైపు బుడగ ప్రశ్న, ఎడమవైపుది జవాబు. దీన్ని తిప్పి చదివితే జవాబు ముందు వచ్చి సంభాషణ అర్థం లేనిదైపోతుంది. ఇంకోటి: నిలువుగా పొడుగ్గా ఉన్న గడి పక్కన రెండు చిన్న గడులు ఒకదాని కింద ఒకటి ఉంటే, కుడివైపు ఏదుంటే దాన్ని ముందు పూర్తి చేయాలి. గడుల మధ్య తెల్లచారల్ని చూడండి. ఏ చార అడ్డంగా పేజీ చివరిదాకా పోతుందో అక్కడే వరుస మారుతుంది.

దిశ అలవాటు లేనివాళ్ళకి మంచి ప్రవేశం ఒసాము తెజుకా 'బుద్ధ'. ఇంగ్లీషులో 8 సంపుటాలు. పేజీలు తిప్పి ముద్రించారు కాబట్టి మనలాగే ఎడమ నుంచి కుడికి చదవొచ్చు. కపిలవస్తు, మగధ, కోసల మనకి తెలిసిన పేర్లే. తెజుకా మధ్యలో సొంత పాత్రలు చాలా చేర్చారు, బౌద్ధ గ్రంథాల్లో అవి ఉండవు. 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్' ఇంగ్లీషు ఎడిషన్ 28 సంపుటాలూ తిప్పినవే. అందుకే అందులో సమురాయ్‌లంతా ఎడమచేతి వాటంగా కనిపిస్తారు. అది చూసి కథలో ఏదో మర్మం ఉందని వెతక్కండి.

'అకిరా' కొనేవాళ్ళు అడిగి తెలుసుకోండి: పాత ఇంగ్లీషు ముద్రణలు తిప్పినవి, 2017లో వచ్చిన పెట్టె సెట్ అసలు దిశలో ఉంది. రెండు రకాల సంపుటాలు కలిపి కొంటే చదవడం నరకం.

పొడవు ముందే చూసుకోండి. 'డెత్ నోట్' కథ 12 సంపుటాలు, 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' 27, 'డ్రాగన్ బాల్' 42. 'వన్ పీస్' 1997లో మొదలై వంద దాటి పోతూనే ఉంది. ముగిసిన సిరీస్‌తో మొదలుపెట్టినవాళ్ళే నిలబడతారు.

వెన్నెలవాకిలి:
చందమామని ఎవరూ తలవలేదు. 'తోకచుక్క', 'కంచుకోట', 'పాతాళదుర్గం' కంటే గొప్ప సాహస సిరీస్ ఏముంది?

తాళపత్రం:
దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ గొప్పవే, చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలూ గొప్పవే. కానీ అవి బొమ్మలున్న కథలు. బొమ్మ తీసేసినా కథ నడుస్తుంది. కామిక్స్‌లో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య జరిగినదాన్ని పాఠకుడే ఊహించుకోవాలి, బొమ్మ తీసేస్తే ఏమీ మిగలదు. తేడా చెప్పడానికే గానీ తక్కువ చేయడానికి కాదు. నెలనెలా విడతలుగా ఎదురుచూసి చదివే అలవాటు తెలుగువాళ్ళకి చందమామే నేర్పింది. దాచుకునే పద్ధతి కూడా రెండింటికీ ఒకటే.

కుట్టుజిగురు:
ఆ దాచుకోవడం దగ్గరే చాలా పుస్తకాలు పోతున్నాయి. వివరంగా రాస్తాను.

న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది. వెలుగు, వేడి తగిలితే కాగితం పసుపెక్కి, ఆమ్లం పెరిగి, మడత దగ్గర పొడిపొడిగా రాలుతుంది. ఆపలేం, నెమ్మది చేయగలం. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. చిన్న తేమమాపకం ఒకటి కొని అల్మరాలో పెట్టండి. కాకినాడ, విశాఖల్లో వానాకాలం అది 80 దాటుతుంది. మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పెట్టండి, 20 లీటర్ల డబ్బాకి 100 గ్రాములు చాలు. రంగు మారగానే 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్ళీ వాడొచ్చు, అయితే వంట గిన్నెల్లో వద్దు. తేమ 35 కంటే దిగితే కాగితం పెళుసెక్కుతుంది, అందుకే ఎక్కువ పోయకండి.

కవర్లు: పీవీసీ వద్దు. కొత్త రెగ్జిన్ వాసన వస్తే అది పీవీసీయే, రెండు మూడేళ్ళలో సిరాని లాగి అట్టకి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ మంచిది. మైలార్ అని పిలిచే పాలియెస్టర్ ఇంకా మంచిది, ఖరీదెక్కువ. అమెరికన్ కామిక్స్ కొలతకి చేసిన కవర్లు మన సంచికలకి ఇరుకు. మీ పుస్తకం వెడల్పు కొలిచి 6 మిల్లీమీటర్లు కలిపి కొనండి. వెనక పెట్టే అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి. ఆమ్లం పరీక్షించే పీహెచ్ పెన్నుతో గీత గీస్తే ఊదా రంగు రావాలి, పసుపైతే పనికిరాదు. నిలబెట్టి పేర్చండి, వాలకుండా, మరీ బిగించకుండా.

పురుగు పట్టిన పుస్తకాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. పాలిథిన్ సంచిలో గాలి పిండేసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పొద్దు. విప్పితే చల్లటి కాగితం మీద నీరు చేరుతుంది, పురుగు చేయని నష్టం అది చేస్తుంది. కలరా ఉండలు పుస్తకాల్లో వేయకండి, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది, ఇంట్లో మనుషులకీ మంచిది కాదు. సెలో టేపు అసలు వద్దు, దాని జిగురు గోధుమరంగు మరకై బొమ్మలోకి దిగుతుంది. చిరుగుకి జపనీస్ టిష్యూ అనే పలచటి నార కాగితం, గోధుమ గంజి జిగురు పలచగా రాసి, పైన బ్లాటింగ్ పేపరు, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి.

వెన్నెలవాకిలి:
సంవత్సరం సంచికలు పన్నెండూ కలిపి బైండు చేయిస్తే మేలు కాదా?

కుట్టుజిగురు:
చేయించే తీరుని బట్టి. మామూలు బైండర్లు పక్కకుట్టు వేస్తారు, అంచు నుంచి 8–10 మిల్లీమీటర్లు లోపలికి. చందమామలో మార్జిన్ ఉంటుంది కాబట్టి పర్వాలేదు. కామిక్స్‌లో లోపలి గడులు కుట్టులో మునిగిపోతాయి. మడత మీద కుట్టమని అడగండి. తర్వాత మూడు వైపులా మిషన్ కటింగ్ చేస్తారు, అది వద్దని ముందే చెప్పండి, కాగితం మీద రాసి కూడా ఇవ్వండి. బొమ్మల అంచులు, పేజీ సంఖ్యలు దాంతోనే పోతాయి. అట్టలు తీసేయొద్దని కూడా చెప్పాలి.

మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం పాత అలవాటు. పురుగు రాదు నిజమే, కానీ అందులోని రాగి కాగితం పాడవడాన్ని తొందరచేస్తుంది. అరుదైన సంచికైతే బైండే వద్దు, విడిగా కవర్లో ఉంచండి.

గీతలగది:
స్కాన్ చేసేవాళ్ళకి క్లుప్తంగా: చదవడానికి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), బొమ్మ భద్రపరచడానికి 600. పలచటి న్యూస్‌ప్రింట్‌లో వెనక పేజీ బొమ్మ ఇవతలికి కనబడుతుంది. స్కాన్ చేసే కాగితం వెనక నల్ల అట్ట పెడితే అది చాలామటుకు పోతుంది. పాత రంగు ముద్రణలో చుక్కల వల్ల అలలు కనిపిస్తే స్కానర్‌లో డీస్క్రీన్ ఎంపిక వాడండి. అసలు ఫైలు టిఫ్‌లో దాచి, చదివే కాపీని పొడుగు 2400 పిక్సెళ్ళ జేపెగ్ చేయండి. ఫైళ్ళకి 001, 002 అని మూడంకెలు పెట్టాలి. 1, 2 అని పెడితే కొన్ని యాప్‌లలో 1 తర్వాత 10 వస్తుంది. అన్నీ జిప్ చేసి ఫైలు పేరు చివర కామిక్స్ యాప్‌లు తెరిచే సీబీజెడ్ అని మారిస్తే సరి. కొన్న పుస్తకానికి సొంత కాపీ వరకే. హక్కులున్న సంచికల స్కాన్లు ఇక్కడ పంచొద్దు.

టాబ్లెట్ పది అంగుళాలు తక్కువ కాకూడదు. ఫోనులో గడి గడిగా చూపే పద్ధతి ఉంది గానీ పేజీ మొత్తం ఎలా పేర్చారో కనబడదు. గాలిగ్రామం గారు చెప్పిన 'ముందు పేజీ చూడు' పద్ధతి దాంతో కుదరదు.

కోఠిమెట్లు:
అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొనేవాళ్ళు మొదట చూడాల్సింది అట్ట కాదన్నా, పిన్నులు. మధ్య పేజీ తెరవండి. రెండు పిన్నులకీ మధ్య కాగితం ఉందా, లేక కథ ఒక్కసారిగా దూకుతోందా? మధ్య కాగితం ఊడితే నాలుగు పేజీలు పోయినట్టు. తర్వాత పేజీలు లెక్కపెట్టండి, కూపన్లు, పజిళ్ళు కత్తిరించిన చోట్లు చూడండి, ఎందుకంటే వెనక పేజీ బొమ్మ కూడా దాంతోపాటే పోయి ఉంటుంది. ముక్కిన వాసన వచ్చే పుస్తకం ఎంత చవకైనా వదిలేయండి. ఆ బూజు ఇంట్లో మిగతావాటికి ఎక్కుతుంది.

బొమ్మలకొలువు:
పిన్నులు తుప్పు పట్టి ఉంటే? తీసేయాలా, వదిలేయాలా?

కుట్టుజిగురు:
తుప్పు కాగితంలోకి దిగితే తీయాల్సిందే. పిన్ను తీసే పనిముట్టుతో లాగొద్దు, చిరుగుతుంది. పుస్తకం మధ్యకి తెరిచి, మొద్దుగా ఉన్న పలచటి రేకుతో కాళ్ళు రెండూ నిటారుగా లేపి, వెనకనుంచి మెల్లగా బయటికి తీయండి. తుప్పు పొడి మెత్తటి కుంచెతో దులపండి, నీరు తగలనీయొద్దు. మళ్ళీ పిన్ను కొట్టే బదులు పాత రంధ్రాల్లోంచే, మధ్యలో ఇంకోటి చేర్చి, నార దారంతో మూడు రంధ్రాల కుట్టు వేయండి. ముడి లోపలి వైపు, మధ్య పేజీ మడతలో పడాలి. దారం మరీ బిగించకండి, పాత కాగితాన్ని అది కోసేస్తుంది.